గోపాల్‌పూరా, సోనాపూరా, గంజామా, రంభా? వెంట ఎవరున్నారో చూసి తేల్చుకోండి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కోరాపుట్... ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగిళ్ళలో రెండు రోజులు సెలవు దొరికితే మొదటి మాట "సముద్రానికి పోదాం". ఎక్కడికి అన్న దగ్గరే పేచీ. ఒకరు గోపాల్‌పూర్ అంటారు, ఇంకొకరు అక్కడ జనం, సోనాపూర్ పోదాం అంటారు. గంజాం పోయి తాబేళ్ళు చూడాలని పిల్లలు, రంభలో పడవెక్కాలని ఆడవాళ్ళు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మని మాత్రం ఎవరూ అడగరు. నిజానికి ముందు అడగాల్సింది ఆవిడనే. ఈ నాలుగు చోట్లూ బరంపురానికి గంటన్నర ప్రయాణం లోపే ఉన్నాయి, కాబట్టి దూరం వీటి మధ్య పెద్ద తేడా కాదు. బండి దిగాక నీటి అంచు దాకా ఎలా వెళ్తాం, చీకటి పడ్డాక ఎలా తిరిగొస్తాం అన్నదే అసలు తేడా.

ముందు చూసుకోవాల్సినవి

ఆఖరి మైలు. బరంపురం స్టేషన్ దాకా రావడం ఎవరికైనా సులువే. హౌరా–చెన్నై మెయిన్ లైను కాబట్టి కోరమండల్, ఫలక్‌నుమా, విశాఖ, కోణార్క్, ప్రశాంతి లాంటి బళ్ళు ఆగుతాయి. విశాఖ నుంచి నాలుగు గంటల పైచిలుకు. రాయగడ, కోరాపుట్ వైపు వాళ్ళకి హిరాఖండ్ ఉంది. గుణుపురం, పర్లాకిమిడి వాళ్ళకి నౌపడ, పలాస మీదుగా పూరీ వెళ్ళే పాసింజరుంది. స్టేషన్ దాటాక మాత్రం దారులు మారిపోతాయి. ఒక చోటుకి సిటీ బస్సు దొరుకుతుంది, ఇంకో చోటుకి బండి మాట్లాడుకోక తప్పదు.

కాలి కింద ఏముంది. గట్టు దాకా సిమెంటు ఉందా, బండి దిగగానే ఇసకేనా? మెత్తటి పొడి ఇసకలో వంద అడుగులు నడవడం మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి రోడ్డు మీద అర కిలోమీటరు నడిచినంత పని. చక్రాల కుర్చీ సన్నటి చక్రాలు రెండు గజాలకే కూరుకుపోతాయి.

నీళ్ళలోకి దిగొచ్చా. ఇది సరదాకి సంబంధించింది కాదు, ప్రాణానికి సంబంధించింది. కింద విడిగా రాశాను.

నీడ, మంచినీళ్ళు, మరుగుదొడ్డి. వెంట ఆడవాళ్ళు, పసిపిల్లలు, షుగరున్న పెద్దవాళ్ళు ఉంటే ఈ మూడూ చూసుకోకుండా బయల్దేరకండి.

సముద్రం కాకుండా ఇంకేముంది. ఎండెక్కాక పది నుంచి నాలుగు దాకా గట్టు మీద ఎవరూ కూర్చోలేరు. ఆ ఆరు గంటలు గడిపే దారి ఉందో లేదో చూసుకోవాలి.

| | గోపాల్‌పూర్ | సోనాపూర్ | గంజాం ఊరు, రుషికుల్య మొగ (నది సముద్రంలో కలిసే చోటు) | రంభ |
|---|---|---|---|---|
| బరంపురం నుంచి | 16 కి.మీ. | సుమారు 30 కి.మీ. | సుమారు 30 కి.మీ. | సుమారు 50 కి.మీ. |
| సొంత బండి లేకుండా | సులువు | కష్టం | ఊరిదాకా సులువు, మొగ దాకా కష్టం | ఫర్వాలేదు |
| మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి | నాలుగింట్లో ఇదే మేలు | వద్దు | వద్దు | గట్టు మీద సరే, పడవెక్కడం కష్టం |
| నీళ్ళలోకి దిగడం | పాదాలు తడుపుకోవడం వరకే | మొగ దగ్గర అస్సలు వద్దు | వద్దు | పడవ మీద షికారే |
| రాత్రి బస | అన్ని ధరల్లోనూ | లేదనే లెక్క | బరంపురం గానీ ఛత్రపురం గానీ | ఉంది, కొద్దిగా |
| చూడ్డానికి చరిత్ర | బోలెడు | ఏమీ లేదు | బోలెడు, కానీ వెతుక్కోవాలి | కొంత |

గోపాల్‌పూర్

ఊరి పేరు ఇక్కడి వేణుగోపాలస్వామి గుడిని బట్టి వచ్చింది. కంపెనీ కాలంలోనూ, ఆ తరవాత తెల్లదొరల పాలనలోనూ ఇది రేవు. ఉత్తరాంధ్రలోనూ గంజాంలోనూ పాత తరం వాళ్ళ నోట "రంగం పోయాడు" అన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది. రంగం అంటే రంగూన్. కూలికి బర్మా వెళ్ళిన వేలాది మంది ఎక్కిన రేవుల్లో గోపాల్‌పూర్ ఒకటి. 1942లో బర్మా జపాను చేతికి చిక్కాక ఆ రాకపోకలు తెగిపోయి ఊరు చల్లబడింది. గట్టున మిగిలిన మొండి గోడలు ఆనాటి గోదాములవే.

రేవన్నాం గానీ, ఆ ఓడలు గట్టుకి వచ్చి ఆగేవి కావు. దూరంగా లోతులో లంగరు వేసేవి. సరుకునీ మనుషులనీ మసూలా పడవల్లో అటూ ఇటూ చేరవేసేవారు. మసూలా పడవ పలకల్ని మేకులతో కొట్టరు, కొబ్బరి పీచు తాళ్ళతో కుడతారు. కెరటం ఎత్తి ఇసక మీద కుదేసినప్పుడు మేకుల పడవైతే పగిలిపోతుంది, కుట్టిన పడవ ఆ దెబ్బకి ఒంగి సర్దుకుంటుంది. అలాంటి పడవ ఎందుకు కావాల్సి వచ్చిందో ఆలోచించండి. ఇక్కడ నేల గట్టు దగ్గరే ఏటవాలుగా దిగిపోతుంది. కెరటం దూరంగా విరిగి మెల్లగా రాదు. సరిగ్గా గట్టున లేచి, అక్కడే విరిగి, వెనక్కి బలంగా లాగుతుంది. ఓడల్ని దగ్గరికి రానివ్వని ఆ కెరటమే ఈ రోజు స్నానానికి దిగినవాళ్ళని లాక్కుపోతోంది. గోపాల్‌పూర్ సముద్రం చూసుకోవడానికి వచ్చే చోటు, ఈతకి వచ్చే చోటు కాదు. నడుం లోతు అన్న మాట ఇక్కడ నమ్మదగింది కాదు. ఈ కెరటానికి నడుం దాకా ఉన్న నీళ్ళు వచ్చే కెరటానికి తల మునిగేంత కావచ్చు.

ఒక గుర్తు చెప్తాను, ఏ తీరంలోనైనా పనికొస్తుంది. గట్టు మీద నిలబడి ఐదు నిమిషాలు కెరటాల వరస చూడండి. అంతటా తెల్లటి నురగ లేస్తుంటే మధ్యలో ఒక చోట నీళ్ళు నురగ లేకుండా, కాస్త మడ్డిగా, ప్రశాంతంగా కనిపిస్తాయి. తెలియనివాళ్ళు అక్కడే నెమ్మదిగా ఉందని పిల్లల్ని దింపుతారు. గట్టెక్కిన నీళ్ళన్నీ తిరిగి లోపలికి పోయే కాలవ అదే. పొరపాటున అందులో పడితే గట్టు వైపు ఎదురీదొద్దు, ఒంట్లో శక్తంతా అక్కడే అయిపోతుంది. గట్టుకి సమాంతరంగా పక్కకి ఈదితే ఆ కాలవ లోంచి బయటపడతారు, ఆ తరవాత కెరటమే గట్టుకి తోస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటూ పాటూ రెండూ ఎక్కువ, లాగుడు కూడా ఎక్కువే. సరిగ్గా ఆ రోజుల్లోనే తీర్థ స్నానాలకి జనం వస్తారు.

ఇన్ని జాగ్రత్తలు చెప్పి కూడా పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి గోపాల్‌పూర్నే ముందు పెట్టడానికి కారణం ఆఖరి మైలు. బరంపురం నుంచి సిటీ బస్సులు, షేర్ ఆటోలు పొద్దుటినుంచి తిరుగుతూనే ఉంటాయి. అరగంట, ముప్పావుగంట ప్రయాణం. రోడ్డు తిన్నగా గట్టు మీదికే వస్తుంది. అక్కడ సిమెంటు చేసిన నడకదారి, కూర్చునే చోట్లు, టీ దుకాణాలు ఉన్నాయి. నడవలేని మనిషిని కూడా కారు దింపిన పది ఇరవై అడుగుల్లో కెరటం కనిపించే చోట కూర్చోబెట్టొచ్చు. నాలుగింట్లో ఈ సౌకర్యం మరెక్కడా లేదు. ఇసక మీదికి రావాలని పెద్దవాళ్ళు ముచ్చటపడితే టీ దుకాణంలో ప్లాస్టిక్ కుర్చీ అడిగి తీసుకుని, నడకదారికి దగ్గరగా పొడి ఇసకలో వేయండి. తడి ఇసక గట్టిగా ఉంటుంది కదా అని నీటి అంచున వేయొద్దు. అక్కడ వాలు ఎక్కువ, ఒక్క పెద్ద కెరటం కుర్చీ కాళ్ళ కింద ఇసకని లాగేస్తుంది.

లైట్‌హౌసు సాయంత్రం కొద్దిసేపే తెరుస్తారు. లోపల చుట్టుమెట్లు, ఇరుకు, ఆఖర్న నిచ్చెనలాంటి మెట్లు. గుండె జబ్బు, మోకాళ్ళ నొప్పి, కళ్ళు తిరిగే అలవాటు ఉన్నవాళ్ళు కిందే ఉండిపోవడం మంచిది. ఎక్కగలిగినవాళ్ళు మాత్రం తప్పకుండా ఎక్కాలి. తీరం గీసినట్టు ఎటు పోతోందో, వెనక్కి పారే నీళ్ళు ఎక్కడ మడుగు కట్టాయో, ఊరు ఎంత చిన్నదో పైనుంచి చూస్తేనే అర్థమవుతుంది. ఇటలీ దేశస్థుడు మాగ్లియోని 1914లో పెట్టిన పామ్ బీచ్ హోటలు తరవాత ఒబెరాయ్ చేతికీ, ఇప్పుడు మేఫేర్ చేతికీ వచ్చింది. అందులో దిగే స్తోమత లేకపోయినా, ఈ ఊరు ఒకప్పుడు ఎలాంటివాళ్ళ వేసవి విడిదో దాన్ని చూస్తే తెలుస్తుంది.

పల్లె వైపు నడిస్తే మీ భాషే వినిపిస్తుంది. ఒడియా వాళ్ళు నోలియాలనే ఇక్కడి జాలర్లలో తెలుగువాళ్ళే ఎక్కువ. పొద్దున్నే పడవలొచ్చే వేళకి వెళ్తే వల దులపడం, వంజరం, చందువ, కవళ్ళు విడివిడిగా కుప్పలు పోయడం చూడొచ్చు. కొనాలంటే చేతిలో సంచీ, చిల్లర ఉండాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకి వేట నిషేధం. ఆ రెండు నెలల్లో హోటల్లో "తాజా చేప" అంటే ఎక్కడిదో అడగండి.

ఈ ఊరితో ఇబ్బందీ ఉంది. దసరాకి, డిసెంబరు ఆఖరి వారంలో గదుల ధరలు బాగా పెరుగుతాయి, గట్టు మీద తోపులాట. చెత్త కూడా అప్పుడే ఎక్కువ. ప్రశాంతత కోసం వెళ్ళేవాళ్ళు ఆ పది పదిహేను రోజులూ వదిలేయాలి. మామూలు వారంలో మంగళ, బుధవారాల్లో వెళ్తే ఊరు దాదాపు మీదే.

సోనాపూర్

గోపాల్‌పూర్ జనం పడనివాళ్ళు దీన్ని మెచ్చుకుంటారు, అందులో న్యాయముంది. బాహుదా నది సముద్రంలో కలిసే చోటు. ఇవతల ఇచ్ఛాపురం మండలం డొంకూరు, అవతల ఒడిశా సోనాపూర్. పొడవాటి ఇసక తిప్ప, వెనక నిలకడైన నీళ్ళు, సరుగుడు తోపులు. పొద్దున ఏడింటికి వెళ్తే కనుచూపు మేరలో మనిషి కనపడకపోవచ్చు.

హైవే నుంచి సరిహద్దు ఊరు గిరిసోల దగ్గర లోపలికి తిరగాలి. సొంత బండి లేకపోతే ఆటో మాట్లాడుకోవాలి. మాట్లాడుకునేటప్పుడు "అక్కడే ఆగి, మళ్ళీ తీసుకురావాలి" అని ముందే చెప్పి, ఆగే గంటలకి కూడా కలిపి ఒకటే రేటు కుదుర్చుకోండి. వదిలేసి పొమ్మంటే తిరిగి రావడానికి బండి దొరకదు. మంచినీళ్ళు, తిండి, గొడుగు అన్నీ వెంట తీసుకెళ్ళాలి. మరుగుదొడ్డి ఉందని నమ్ముకుని వెళ్ళొద్దు. చీకటి పడకముందే హైవే చేరాలి.

మొగ దగ్గర నీళ్ళు చూడ్డానికి చెరువులా ఉంటాయి, మోసపోవద్దు. పోటు దిగుతున్న వేళ నది నీరూ సముద్రం నీరూ కలిసి ఒకే సన్నటి దారిలో బయటికి పరిగెడతాయి. మోకాలి లోతులో కూడా మనిషి నిలబడలేడు. పైగా మొగ ఒక చోట ఉండదు, వరదలకీ తుఫానుకీ పక్కకి జరుగుతుంది. పోయినేడాది నడిచి దాటిన చోట ఈ ఏడాది ఎంత లోతుందో డొంకూరు, సోనాపూర్ జాలర్లకే తెలుసు. వాళ్ళని అడగనిదే అడుగు వేయొద్దు.

వయసులో ఉన్నవాళ్ళు, ఫోటోలు తీసేవాళ్ళు, సొంత బండి ఉండి సగం పూట ప్రశాంతంగా గడపాలనుకునేవాళ్ళు ఇక్కడికి రావాలి. చంటిపిల్లలతో, పెద్దవాళ్ళతో వద్దు.

గంజాం ఊరు, రుషికుల్య మొగ

జిల్లాకి పేరిచ్చిన ఊరిని పట్టించుకునేవాళ్ళు తక్కువ. హైవే పక్కనే ఉన్నా బళ్ళన్నీ ఆగకుండా పోతాయి. రుషికుల్య ఒడ్డున 1768లో కంపెనీ అధికారి ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ కట్టించిన పోతగడ కోట నక్షత్రం ఆకారంలో ఉంటుంది. ఫిరంగి గుండు ఎటు నుంచి వచ్చినా ఏదో ఒక మూల నుంచి తిరిగి కొట్టడానికి ఆ కోణాలు. ఈ ఊరే జిల్లాకి పెద్ద దిక్కుగా ఉండేది. 1815లో పుట్టిన విషజ్వరాలు ఊరిని తుడిచిపెట్టాయి, కచేరీలు వేరే చోటికి తరలిపోయాయి. తరవాత ఊరు కోలుకోలేదు. కోట ఇప్పుడు తుప్పల్లో ఉంది. నేల ఎగుడుదిగుడు, పాములుంటాయి కాబట్టి బూట్లు వేసుకోండి, వానాకాలం మానుకోండి. చరిత్ర మీద ఇష్టం లేనివాళ్ళకి ఇది ఒట్టి పొదల దిబ్బ. ఇష్టం ఉన్నవాళ్ళకి గోపాల్‌పూర్ కన్నా ఇదే విలువైన చోటు. ప్రాచీన భూగోళవేత్త టాలమీ రాసిన "పలూర" రేవు ఇక్కడికి పైన, చిలకా అంచున ఉన్న పాలూరేనని చరిత్రకారులు చాలామంది గుర్తించారు. సువర్ణభూమికి, అంటే ఆగ్నేయాసియాకి, పోయే ఓడలు తీరాన్ని వదిలి నడిసంద్రంలోకి మళ్ళేది అక్కడే.

ఎక్కువమంది వచ్చేది తాబేళ్ళ కోసం. రుషికుల్య మొగకి పక్కన పొడంపేట, గోఖరకుద పల్లెల తీరంలో ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు లక్షల్లో గుడ్లు పెట్టడానికి వస్తాయి. వచ్చిన ఏడాది కన్నులపండగే, కానీ అన్నేళ్ళూ రావు. ఏ రాత్రి మొదలవుతుందో ముందు ఎవరూ చెప్పలేరు. మొదలయ్యాక కొద్ది రోజుల్లో ముగుస్తుంది. కాబట్టి నెల ముందు టికెట్టు తీసుకుని రాకండి. బరంపురం, ఛత్రపురం చుట్టుపక్కల ఉన్నవాళ్ళు కబురు తెలిసిన పూటే బయల్దేరగలరు, దూరం వాళ్ళకి అది కుదరదు. దూరం వాళ్ళకి పిల్లలు బయటికొచ్చే రోజులు మేలు. గుడ్లు పెట్టిన 45 నుంచి 55 రోజులకి పొదుగుతాయి కాబట్టి తేదీ కాస్త లెక్కేసుకోవచ్చు.

ఆ సమయంలో తీరం మీద అటవీ శాఖ కట్టడి ఉంటుంది. వాళ్ళు చెప్పిన చోటే నిలబడాలి. టార్చి, ఫ్లాష్, సెల్‌ఫోన్ లైటు వద్దు. పిల్ల తాబేలు గూడు లోంచి పైకి రాగానే వెలుతురు ఎటుందో అటు పాకుతుంది. మనుషుల దీపాలు లేని తీరంలో ఆ వెలుతురు సముద్రం మీద మెరిసే ఆకాశానిది. మీ ఫోను వెలిగిస్తే అది మీ వైపు వస్తుంది. నీటికి దూరంగా పాకి పాకి, తెల్లారి ఎండకి అక్కడే చనిపోతుంది. ఇంటి పిల్లలకి ఈ సంగతి బండిలోనే చెప్పండి. అక్కడికెళ్ళాక చెప్తే ఉత్సాహంలో వినరు.

ఇవే పల్లెల్లో ఇంకొకటి కూడా కనిపిస్తుంది. పాత పొడంపేటని సముద్రం కోసేసింది. ఊరు వెనక్కి జరగాల్సి వచ్చింది. విరిగిన గోడల ముందు నిలబడి సెల్ఫీలు తీసుకునేముందు అవి ఒకరి ఇళ్ళని గుర్తుంచుకోండి.

రంభ

ఇది సముద్రం కాదు, చిలకా సరస్సు దక్షిణపు కొస. అయినా సముద్రం కోసం బయల్దేరిన కుటుంబాలు తరచూ ఇక్కడే ఎక్కువ సంతోషపడతాయి. కెరటాల భయం లేదు, చుట్టూ కొండలు, చల్లటి గాలి. కలెక్టర్ స్నోడ్‌గ్రాస్ పద్దెనిమిదో శతాబ్దం చివర్లో కట్టించిన భవనం, ఖల్లికోట రాజుల జ్ఞాపకాలు, నీళ్ళ మధ్య బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్ అనే బుల్లి దీవి మీద ఒంటరి స్తంభం, గది ఉన్నాయి.

ఏది చూడ్డానికి వెళ్తున్నారో తేల్చుకుని వెళ్ళండి. డాల్ఫిన్లు సాతపడా వైపు ఉంటాయి, రంభలో కాదు. కాలిజాయి అమ్మవారి దీవికి బాలుగావ్, బర్కుల్ నుంచి దగ్గర. వలస పక్షులు వేలల్లో చేరేది నలబన, మంగళాజోడి వైపు. రంభలో దొరికేవి దీవులు, రాళ్ళు, ఆ నీళ్ళ నిశ్శబ్దం. డాల్ఫిన్లని ఆశపెట్టి తీసుకొస్తే పిల్లలు ముఖం మాడ్చుకుంటారు.

పడవ అద్దె మనిషికి కాదు, పడవకి. నలుగురే ఉంటే ఇంకో కుటుంబంతో కలవండి. పొద్దున తొమ్మిది లోపు ఎక్కితే నీళ్ళు నిలకడగా ఉంటాయి. మార్చి తరవాత మధ్యాహ్నం దక్షిణపు గాలి లేచిందంటే పడవ ఊగుతుంది, నీళ్ళు ఒళ్ళో పడతాయి. గట్టు నుంచి పడవలోకి ఒక పెద్ద అడుగు వేయాలి. పడవ కదులుతూ ఉంటుంది, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. పెద్దవాళ్ళని ఎక్కించేటప్పుడు ఒకరు ముందు పడవలో, ఒకరు వెనక గట్టు మీద ఉండి చెయ్యి అందించాలి. లైఫ్ జాకెట్టు కొలత పిల్లలకి సరిపోకపోతే ఆ పడవ ఎక్కొద్దు.

రంభలో స్టేషన్ ఉంది గానీ ఎక్కువగా పాసింజర్లే ఆగుతాయి, ఎక్స్‌ప్రెస్‌లు చాలావరకు ఆగేది బాలుగావ్‌లో. బరంపురం నుంచి హైవే మీద బస్సులుంటాయి. ఒడిశా పర్యాటక సంస్థ అతిథిగృహం పంథనివాస్ నీటి అంచునే ఉంది. చలికాలం శని ఆదివారాలకి గది ముందే తీసుకోవాలి. పీత, రొయ్య ఇక్కడ బాగుంటాయి. పీత తూకం ముందే చూపించమని అడగండి, వండాక అడిగితే లాభం లేదు.

బస బరంపురంలోనా, గోపాల్‌పూర్‌లోనా

ఒక్క రాత్రే ఉండి సూర్యోదయం చూడాలంటే గోపాల్‌పూర్. జనవరిలో ఆరున్నర లోపు, మే, జూన్‌లలో ఐదింటి ప్రాంతంలో తెల్లారుతుంది. ఆ వేళకి బరంపురం నుంచి రావడం చిన్నపిల్లలతో అయ్యే పని కాదు. గది తీసుకునేటప్పుడు "సముద్రం కనిపిస్తుందా" అని కాదు, "మంచం మీద కూర్చుంటే కనిపిస్తుందా, ముందు వేరే మేడ ఉందా" అని అడగండి. ఉప్పుగాలికి ఏసీ, కుళాయి, తలుపు గడియ త్వరగా పాడవుతాయి. డబ్బు కట్టేముందే మూడూ వేసి చూడండి. మేడ మీది గదైతే లిఫ్టు ఉందా అని కూడా.

రెండు మూడు రోజులు ఉండి అన్నీ తిరగాలంటే, లేదా వెంట మందులు వాడే పెద్దవాళ్ళు ఉంటే, బరంపురంలోనే దిగండి. ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఇక్కడే. ఇడ్లీ, వడ, అన్నం, పప్పు మన నాలుకకి పడేట్టు దొరుకుతాయి. పగటి ఆరు గంటలు ఎలా గడపాలన్న చింతా ఉండదు. బరంపురం పట్టుచీరల వీధులు, అప్పడాలు, ఊరగాయల దుకాణాలే సగం రోజు మింగేస్తాయి. పురుషోత్తంపూర్ దగ్గర తారాతారిణి కొండకి 999 మెట్లు, నడవలేనివాళ్ళకి రోప్‌వే. చైత్ర మాసం మంగళవారాలు మాత్రం జాతర, ఆ రోజుల్లో ఆ దారి పెట్టుకోవద్దు. అదే దిక్కున జౌగడలో అశోకుడి శాసనం ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీ, రాష్ట్రపతి వి.వి.గిరి పుట్టింది ఈ బరంపురంలోనే. ఆటో మాట్లాడ్డానికి, మందుల షాపులో అడగడానికి తెలుగు చాలు. పల్లెల్లోకి వెళ్తే "కెతె?" అన్న ఒక్క మాట వస్తే చాలు, ఎంత అని.

హిరాఖండ్‌లో రాయగడ, కోరాపుట్ నుంచి వచ్చేవాళ్ళని ఆ బండి చీకటితోనే దింపుతుంది. హోటల్లో గది మధ్యాహ్నానికి గానీ ఇవ్వరు. ముందే ఫోన్ చేసి పొద్దున్నే గది ఇస్తారో లేదో, దానికి ఎంత అదనమో కనుక్కోండి. కుదరకపోతే తెల్లారేదాకా స్టేషన్ వెయిటింగ్ హాల్లో ఉండి, సామాను క్లోక్‌రూంలో పెట్టి గోపాల్‌పూర్ వెళ్ళి, మధ్యాహ్నం వచ్చి గది తీసుకోవచ్చు. చంటిపిల్లలుంటే మాత్రం అదనం కట్టి గది తీసుకోవడమే సుఖం.

ఎప్పుడు

నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి దాకా అన్నింటికీ మంచిది. మార్చి తరవాత ఉక్క. అక్టోబరు మాత్రం ఆలోచించుకుని పెట్టుకోవాలి. ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖని కొట్టింది 2014 అక్టోబరు 12న, తిత్లీ పలాస, గోపాల్‌పూర్ల మధ్య దాటింది 2018 అక్టోబరు 11న. దసరా సెలవులు కూడా ఆ రోజుల్లోనే వస్తాయి. వెళ్ళక తప్పదనుకుంటే రద్దు చేస్తే డబ్బు తిరిగొచ్చే గదే తీసుకోండి. వాతావరణ శాఖ అల్పపీడనం అన్న రోజునే నిర్ణయం తీసుకోండి, తుఫాను అనే దాకా ఆగొద్దు. రైళ్ళు ముందు రద్దవుతాయి, హైవే తరవాత మూస్తారు.

పేర్ల తికమక

ఎక్కువమంది డబ్బూ సమయమూ పోగొట్టుకునేది ఇక్కడే. రైలు టికెట్టులో "గోపాల్‌పూర్" అని వెతికితే గోపాల్‌పూర్ బాలికుద వస్తుంది, అది కటక్ దగ్గర ఉంది. మన గోపాల్‌పూర్‌కి స్టేషనే లేదు. దిగాల్సింది బ్రహ్మపుర్, కోడు బీఏఎం. "బెర్హంపోర్" అని వస్తే అది పశ్చిమ బెంగాల్ ముర్షిదాబాద్‌ది. మ్యాపులో "సోనాపూర్" అని కొడితే పశ్చిమ ఒడిశాలోని సోన్‌పూర్ దాకా దారి చూపించే ప్రమాదముంది, గంజాం జిల్లా "పాటి సోనాపూర్" అని కొట్టండి. "గంజాం" అంటే డ్రైవరు ఛత్రపురంలోని కలెక్టరాఫీసు అనుకోవచ్చు. "గంజాం టౌను, రుషికుల్య వంతెన దగ్గర" అని చెప్పండి.